వెంటిలేటర్ మీద ఉన్న మనిషితో మాట్లాడేదెలా? ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి పనికొచ్చే వివరాలు

ఏలూరులో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ ఐసీయూ తలుపు దగ్గర కాసేపు నిలబడితే ఒక మాట తరచూ వినిపిస్తుంది. "అమ్మీ ఏదో చెప్పాలని చూస్తోంది, మాకేమో అర్థం కావట్లేదు." నోట్లో గొట్టం ఉంటుంది. చేతులు మంచానికి కట్టి ఉంటాయి. కళ్ళు మాత్రం మనవైపే తిరిగి ఉంటాయి. లోపలికి వెళ్ళినవాళ్ళు "సబర్ చెయ్, అంతా బాగైపోతుంది" అని కన్నీళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తారు. ఆమె చెప్పాలనుకున్నది దాహమో, వీపు కింద ముడతపడ్డ దుప్పటో, చంటిపిల్ల గురించిన బెంగో ఎవరికీ తెలియకుండానే ఆ పూట గడిచిపోతుంది.

వెంటిలేటర్ ఆపేది గొంతునే. మాట మనిషిలోనే ఉంటుంది. దాన్ని బయటికి తెచ్చే పద్ధతులు ఉన్నాయి, వాటికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక అట్టముక్క, ఒక పలక, కాస్త ఓపిక ఉంటే చాలు. అవన్నీ వరసగా ఇక్కడ ఇస్తున్నాం. ఈ పేజీ దాచుకోండి. ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో చెప్పలేం.

గొంతు ఎందుకు రాదు?

మనం ఊపిరి వదిలేటప్పుడు గాలి స్వరతంత్రుల మధ్య నుంచి పోతూ వాటిని కదిలిస్తుంది. మాటకు మూలం ఆ శబ్దమే. వెంటిలేటర్ గొట్టాన్ని నోటి గుండా ఆ స్వరతంత్రుల మధ్య నుంచే ఊపిరి గొట్టంలోకి దించుతారు. దాని చివర చిన్న బెలూన్ లాంటిది ఉంటుంది. దాన్ని ఉబ్బించాక గాలి గొట్టంలోంచే పోయి గొట్టంలోంచే వస్తుంది. స్వరతంత్రులకు గాలి తగలదు కాబట్టి ఎంత ప్రయత్నించినా శబ్దం రాదు. గొంతు పాడైపోయిందని భయపడకండి. గొట్టం తీశాక చాలామందికి మాట తిరిగి వస్తుంది. మొదట కొన్ని రోజులు బొంగురుగా ఉండొచ్చు.

ఈ సంగతి రోగికి కూడా చెప్పాలి. స్పృహ వచ్చేసరికి గొంతు లేకపోతే ఎవరైనా హడలిపోతారు. "అబ్బా, ఊపిరి కోసం గొట్టం పెట్టారు. అది ఉన్నంతవరకే మాట రాదు. తీశాక మాట్లాడతావు" అని వెళ్ళిన ప్రతిసారీ చెప్పండి. మందుల మత్తులో నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండకపోవచ్చు.

ముందు నర్సును అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఇప్పుడు మత్తుమందు ఎంత ఇస్తున్నారు? పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారా? చాలా ఐసీయూల్లో రోజుకొకసారి మత్తు తగ్గించి చూస్తారు. మాట్లాడడానికి ఆ సమయం మేలు. ఆ వేళకే లోపలికి పంపగలరేమో అడగండి.
2. కళ్ళజోడు, చెవి మిషన్ పెట్టొచ్చా? పెద్దవాళ్ళ విషయంలో చాలామంది మరిచిపోయేది ఇదే. చూపు ఆనని మనిషికి బోర్డు చూపిస్తే లాభం ఏముంది?
3. నేను దగ్గరుండి పట్టుకుంటే రాయడానికి ఒక చెయ్యి వదులు చేస్తారా? గొట్టం లాగేసుకుంటారనే చేతులు కడతారు. ఆ కట్లు మీ అంతట మీరు ఎప్పుడూ విప్పకండి. నర్సు ఒప్పుకుంటే, ఆమె చూస్తుండగానే.
4. ఏ చెయ్యి, ఏ వేలు బాగా కదులుతోంది? పక్షవాతం వచ్చినవాళ్ళ విషయంలో ఇది ముందే తెలియాలి.

మొదటి మెట్టు: అవును, కాదు

మిగతా పద్ధతులన్నీ దీని మీదే నిలబడతాయి. రోగి నమ్మకంగా చేయగల ఒక సైగ "అవును"కి, ఇంకొకటి "కాదు"కి ఖాయం చేసుకోవాలి.

తల ఊపడాన్ని నమ్ముకోవద్దు. మనవాళ్ళు తల పక్కలకు ఊపినా చాలాసార్లు అవుననే అర్థం. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన నర్సు దాన్ని కాదు అనుకోవచ్చు. పైగా తల కదిలితే గొట్టమూ కదులుతుంది. మామూలు కనురెప్పపాటు కూడా పనికిరాదు, రెప్పలు వాటంతటవే పడుతుంటాయి కదా. ఈ కిందివాటిలో ఒక జత ఎంచుకోండి.

- కళ్ళు గట్టిగా మూసి మూడు లెక్కపెట్టేదాకా ఉంచితే అవును, కళ్ళు పైకెత్తి చూస్తే కాదు.
- చెయ్యి ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు.
- బొటనవేలు పైకెత్తితే అవును, చూపుడువేలు కదిపితే కాదు.

తర్వాత పరీక్షించండి. జవాబు మీకు ముందే తెలిసిన నాలుగు ప్రశ్నలు అడగండి. రెండింటికి అవును, రెండింటికి కాదు రావాలి. "నీ పేరు ఇదేనా?", "మనం ఇప్పుడు ఇంట్లో ఉన్నామా?" లాంటివి. నాలుగూ సరిగ్గా వస్తే ఆ సైగను నమ్మొచ్చు. రాకపోతే మత్తు ఎక్కువగా ఉందేమో, సైగ మార్చాలేమో చూడండి. సాయంత్రం మళ్ళీ ప్రయత్నించండి.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "నొప్పి ఉందా, లేదా?" అంటే దానికి అవును అనాలా, కాదు అనాలా? "నొప్పి ఉందా?" అని ఒక్కటే అడిగి ఆగండి. పది లెక్కపెట్టేదాకా ఎదురుచూడండి. బలహీనంగా ఉన్న మనిషికి కనురెప్ప మూయడం కూడా పనే. మనం తొందరపడి రెండో ప్రశ్న వేసేస్తే మొదటిదానికి వచ్చిన జవాబు రెండోదానికి అతుక్కుంటుంది.

రెండో మెట్టు: అవసరాల కార్డు

ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో ఈ మాటలు రాయండి. పక్కన చిన్న బొమ్మ గీయించండి, ఇంట్లో పిల్లలు గీసినా సరిపోతుంది. చదువురాని నానీలకు, దాదీలకు ఆ బొమ్మలే ఆధారం. ఉర్దూ మాట కూడా తెలుగు లిపిలోనే రాస్తే, ఉర్దూ రాని నర్సు కూడా చదివి వినిపించగలదు.

- నొప్పి: దర్ద్
- దాహం: ప్యాస్
- ఊపిరి ఆడట్లేదు: దమ్ ఘుట్‌రా
- గొంతులో కఫం: బల్గమ్
- వేడి: గర్మీ
- చలి: సర్దీ
- దురద: ఖుజ్లీ
- మూత్రం: పేషాబ్
- పక్కకు తిప్పండి: కర్వట్
- భయంగా ఉంది: డర్
- తల కప్పండి: సర్ ఢాంకో
- ఆడ నర్సును పిలవండి: లేడీ నర్సుకు బులావ్
- ఇంటివాళ్ళను పిలవండి: ఘర్‌వాలోంకు బులావ్

"తల కప్పండి", "ఆడ నర్సును పిలవండి" అనే రెండూ మామూలుగా అచ్చువేసిన కార్డుల్లో కనిపించవు. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఈ రెండూ లేకపోతే కలిగే ఇబ్బంది చిన్నది కాదు. జుట్టు కప్పుకోలేక చేతులు గుంజుకుంటున్న ఆమెను గొట్టం పీకేస్తోందని అనుకుని మత్తు పెంచే అవకాశం కూడా ఉంది. కార్డులో ఆ మాట ఉంటే ఆ గొడవే రాదు.

నొప్పి అని తేలితే అక్కడితో ఆపకండి. తల, గొంతు, ఛాతీ, పొట్ట, వీపు, కాళ్ళు అని పైనుంచి కిందికి ఒక్కొక్కటే అడగండి. తర్వాత "కొంచెమా? మధ్యస్థమా? బాగా ఎక్కువా?" అని ఒక్కోదానికీ సైగ కోసం ఆగండి. ఆ జవాబు నర్సుకు చెప్పండి.

మూడో మెట్టు: అక్షరాల పలక

కార్డులో లేని మాట చెప్పాలంటే అక్షరాలు కావాలి. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1985లో జెనీవాలో న్యుమోనియాతో వెంటిలేటర్ మీదకు వెళ్ళి, గొంతుకు రంధ్రం చేయడంతో మాట పోగొట్టుకున్నారు. కంప్యూటర్ రాకముందు ఆయన మాట్లాడింది ఇలాంటి అక్షరాల కార్డుతోనే. ఎదుటివాళ్ళు అక్షరం చూపిస్తుంటే సరైన దాని దగ్గర కనుబొమ్మలు ఎత్తేవారు.

ఇంగ్లీషుకు 26 అక్షరాలే. మనకు గుణింతాలు, ఒత్తులు కలిపితే లెక్క తేలదు. అందుకే తగ్గించి రాయాలి. దీర్ఘాలు, ఒత్తులు, గుణింతాలు వదిలేయండి. ఆరు వరసలు చాలు.

1. అ ఇ ఉ ఎ ఒ
2. క గ చ జ
3. ట డ త ద న
4. ప బ మ
5. య ర ల వ
6. శ స హ

ఖ బదులు క, భ బదులు బ, ఫ బదులు ప, ళ బదులు ల అని ముందే చెప్పండి. మీరు "ఒకటో వరసా? రెండో వరసా?" అని అడుగుతూ పోతారు. అవును అన్న చోట ఆగి, ఆ వరసలోని అక్షరాలు ఒక్కొక్కటే చదువుతారు. దొరికిన అక్షరాన్ని పలక మీద రాయండి, లేకపోతే మధ్యలో మరిచిపోతారు. రెండు మూడు అక్షరాలు వచ్చాక మాట ఊహించి అడగొచ్చు. చ, వ వచ్చాయనుకోండి. "చెవా?" అవును. "చెవి నొప్పా?" కాదు. "చెవి మిషనా?" అవును.

చేతిలో బలం ఉన్నవాళ్ళకు ఇంత తతంగం అక్కర్లేదు. పలక, బలపం గానీ, అట్టకు బిగించిన కాగితం, లావుపాటి స్కెచ్ పెన్ను గానీ ఇవ్వండి. పడుకుని రాస్తారు కాబట్టి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక్కో మాటకు కొత్త కాగితం పెట్టండి.

పెదవులు చూసి చెప్పేయొచ్చు అనుకోకండి. నోట్లో గొట్టం ఉంటే పెదవులు సరిగ్గా కలవవు. గొట్టం లేకపోయినా ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి.

ఏ భాషలో చెబుతున్నారు?

ఇది మన ఇళ్ళకు సంబంధించిన ప్రత్యేకమైన చిక్కు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సంతలో తెలుగు. మామూలుగా ఉన్నప్పుడు రెండూ కలిపి మాట్లాడతాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు. నొప్పిలో, భయంలో, మత్తులో చాలామందికి ముందు వచ్చేది చిన్నప్పటి భాష. డాక్టరు తెలుగులో అడిగితే బదులివ్వని ముసలాయన, మనవరాలు "దాదా, దర్ద్ హై క్యా?" అనగానే కళ్ళు మూసి అవును అనొచ్చు. అప్పటిదాకా కేస్ షీట్‌లో ఆయన స్పందించడం లేదనే ఉండొచ్చు.

అక్షరాల పలకతో ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. క, ల అని వచ్చిందనుకోండి. తెలుగులో అయితే కాలు, ఉర్దూలో అయితే ఖాలా. కాలు నొక్కుతూ కూర్చుంటే ఆమె ఖాలాను చూడాలని ఏడుస్తూ ఉంటుంది. అందుకే అక్షరాలు మొదలుపెట్టే ముందు "తెలుగులోనా?" అని అడగండి. కాదంటే "ఉర్దూలోనా?" అని అడగండి. ఉర్దూ లిపి మాత్రమే చదవగల పెద్దవాళ్ళు ఉంటే అలిఫ్, బే వరసలతో వేరే పలక తయారుచేయండి.

రోగి ఇంట్లో ఏ భాష మాట్లాడతారో చేర్చుకున్న రోజే డాక్టరుకు చెప్పి, కేస్ షీట్‌లో రాయించండి.

పాముకాటు, జీబీఎస్: కదలరు, కానీ వింటారు

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద, వరి చేలల్లో పనిచేసేవాళ్ళకు పాముల భయం కొత్తేమీ కాదు. తాచుపాము, కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు వెళ్ళే సంకేతాన్ని ఆపేస్తుంది. ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత మింగలేరు, చివరికి ఊపిరి కండరాలు ఆగిపోతాయి. అప్పుడు వెంటిలేటర్ పెడతారు. ఇలాంటి మనిషి చూడడానికి స్పృహ లేనట్టే ఉంటాడు. కానీ ఈ విషం దెబ్బ కొట్టేది కండరాలను. చాలామందికి లోపల మెలకువ ఉంటుంది, మాటలు వినిపిస్తుంటాయి. కట్లపాము కాటుతో పూర్తిగా బిగుసుకుపోయినవాళ్ళు మెదడు చనిపోయినట్టు కనిపించి, తర్వాత కోలుకున్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

జీబీఎస్ అనే నరాల జబ్బు కూడా ఇలాంటిదే. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో ఈ కేసులు రావడంతో ఆ పేరు మన జిల్లాల్లోనూ అందరికీ తెలిసింది. కాళ్ళ నుంచి పైకి బలహీనత పాకి, కొందరికి వెంటిలేటర్ అవసరమవుతుంది. తెలివి మాత్రం మామూలుగానే ఉంటుంది.

ఇలాంటివాళ్ళ దగ్గర రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, కళ్ళ సైగ కుదరకపోవచ్చు. రెప్పలు లేవని చోట కాలి బొటనవేలు, చేతి వేలి కొస, దవడ, ఏది కాస్త కదిలినా సరిపోతుంది. నర్సు రెప్ప ఎత్తి పట్టుకుంటే కనుగుడ్డు పైకీ కిందికీ కదుపుతారేమో చూడమనండి. రెండోది, మంచం పక్కన ఏడుపులు, అప్పుల లెక్కలు, "ఇక ఆశ లేదంట" లాంటి మాటలు వద్దు. ఏమీ కదలకపోయినా మాట్లాడుతూనే ఉండండి.

పురుగుమందు తాగి వచ్చినవాళ్ళను మంచం దగ్గర "ఎందుకిలా చేశావ్?" అని నిలదీయవద్దు. ముందు బతకనివ్వండి. "మేమున్నాం" అన్న మాట చాలు.

ఉన్నట్టుండి తికమకగా మారితే

ఐసీయూలో చాలామందికి డెలీరియం వస్తుంది. రాత్రీ పగలూ తెలియదు, గోడల మీద మనుషులు కనిపిస్తారు, సొంత కొడుకునే గుర్తుపట్టరు. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. జబ్బు వల్ల, మందుల వల్ల, నిద్ర లేకపోవడం వల్ల మెదడు తాత్కాలికంగా అదుపు తప్పడం. ఆ స్థితిలో వచ్చిన అవును, కాదులను నమ్మలేం. వాదించకండి. "ఇది ఏలూరు ఆసుపత్రి. ఇవాళ జుమా. ఇప్పుడు మధ్యాహ్నం. నేను నీ పెద్దకొడుకును" అని నెమ్మదిగా చెప్పండి. నర్సుకు వెంటనే తెలియజేయండి.

రాత్రిపూట లోపల ఉండనివ్వరు కాబట్టి ఇంటివాళ్ళ గొంతును ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వొచ్చు. ఒకటి రెండు నిమిషాలు చాలు. ఎక్కడున్నారో, ఎందుకున్నారో, మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పండి. ఆయనకు ఇష్టమైతే ఖురాన్ తిలావత్ కూడా తక్కువ శబ్దంతో వినిపించమనండి. ఇష్టమో కాదో సైగతో అడిగాకే.

పది నిమిషాలే లోపలికి పంపితే

1. చేతులు కడుక్కుని, కళ్ళకు ఎదురుగా నిలబడి, సలాం చెప్పి, చెయ్యి పట్టుకోండి. మీరెవరో చెప్పండి.
2. రోజు, వేళ, చోటు చెప్పండి.
3. అవును, కాదు సైగలు గుర్తుచేయండి.
4. నొప్పి, దాహం, ఊపిరి, భయం. ఈ నాలుగూ అడగండి.
5. "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగి ఆగండి. అవునంటే పలక తీయండి.
6. ఇంటి సంగతి ఒకటి చెప్పండి.
7. మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పి బయటికి రండి.

ఒకరే వెళ్ళండి. నలుగురు నాలుగు పక్కల నుంచి మాట్లాడితే రోగి ఎవరివైపు చూడాలి?

ఇవి చేయకండి

జమ్‌జమ్ నీళ్ళయినా సరే నోట్లో పోయకండి. గొట్టం ఉన్నప్పుడు మింగడం కుదరదు, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల వైపు జారి న్యుమోనియా తేవచ్చు. నర్సును అడిగితే తడి గుడ్డతో పెదవులు అద్దుతారు, దాహం కాస్త తగ్గుతుంది.

అర్థం కాకపోతే "ఆఁ, సరే సరే" అనకండి. రోగి కనిపెట్టేస్తారు. "నాకు అర్థం కాలేదు, సాయంత్రం మళ్ళీ ప్రయత్నిద్దాం" అని నిజం చెప్పండి. చెప్పినట్టే సాయంత్రం మళ్ళీ అడగండి.

గొంతుకు రంధ్రం చేస్తే

వెంటిలేటర్ ఎక్కువ రోజులు కావాల్సి వస్తే మెడ ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం అక్కడ పెడతారు. దీన్ని ట్రాకియాస్టమీ అంటారు. పేరు విని భయపడేవాళ్ళు ఎక్కువ. నిజానికి నోరు ఖాళీ అవుతుంది, మత్తు తగ్గించడం తేలికవుతుంది, పెదవులు కదులుతాయి. కాస్త కోలుకున్నాక కొందరికి స్పీకింగ్ వాల్వ్ పెట్టి మాట్లాడించవచ్చు. గాలి లోపలికి ఆ వాల్వ్ గుండా వస్తుంది, బయటికి మాత్రం స్వరతంత్రుల మీదుగా పోతుంది. ఇలాంటి వాల్వ్‌ను తయారుచేసినవాడు డేవిడ్ మ్యూర్ అనే అమెరికా యువకుడు. కండరాల క్షీణత జబ్బుతో తానే వెంటిలేటర్ మీద ఉంటూ, మాట కోసం దాన్ని కనిపెట్టాడు.

ఒక హెచ్చరిక. గొట్టం చివరి బెలూన్‌లో గాలి పూర్తిగా తీశాకే ఈ వాల్వ్ పెట్టాలి. లేకపోతే వదిలిన ఊపిరికి దారి ఉండదు, ప్రాణం పోతుంది. అది డాక్టర్లు చేయాల్సిన పని. "మా మనిషికి స్పీకింగ్ వాల్వ్ కుదురుతుందా?" అని అడగడమే మన పని.

ఆసుపత్రి మారితే కార్డు కూడా వెళ్ళాలి

కైకలూరులో మొదలైన వైద్యం ఏలూరుకు, అక్కడి నుంచి విజయవాడకో గుంటూరుకో మారడం మనకు మామూలే. ఎక్స్‌రేలు, రిపోర్టులు కవర్లో పెట్టి ఇస్తారు. కానీ "ఈయన ఎడమచేతి బొటనవేలు ఎత్తితే అవును" అన్న సంగతి ఏ రిపోర్టులోనూ ఉండదు. కొత్త చోట మళ్ళీ మొదటికొస్తుంది. అంత దూరం ఎందుకు, అదే ఆసుపత్రిలో నర్సుల డ్యూటీ మారినా అంతే.

అందుకే ఒక కాగితం మీద ఐదు వాక్యాలు రాయండి. పిలిచే పేరు. ఇంటి భాష. అవునుకు సైగ. కాదుకు సైగ. కళ్ళజోడు, చెవి మిషన్ ఉన్నాయా. ఒక ప్రతి మంచం తలవైపు అతికించమనండి, ఒకటి కేస్ షీట్‌లో పెట్టించండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు రిపోర్టుల కవర్లో మొదటి కాగితం అదే కావాలి.

సంతకం, సమ్మతి, వసీయత్

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో తన జబ్బు గురించి తెలుసుకునే హక్కు, చికిత్సకు ముందు సమ్మతి అడిగించుకునే హక్కు ఉన్నాయి. గొంతు పోయినంత మాత్రాన ఆ హక్కు పోదు. మెలకువగా ఉండి, అవును కాదు నమ్మకంగా చెప్పగల మనిషికి ఆపరేషన్ సంగతి ముందు తనకే చెప్పమని డాక్టరును అడగండి. ఇంటి పెద్ద సంతకం పెట్టే ముందు లోపల ఉన్న మనిషి మాట వినాలి.

ఆస్తి, వసీయత్ విషయాలు మాత్రం సైగలతో మంచం దగ్గర తేల్చేయకండి. రోగి స్పష్టమైన తెలివితో ఉన్నారని డాక్టరు చెప్పాలి, సాక్షులు ఉండాలి, వకీలు సలహా ఉండాలి. లేకపోతే రేపు అన్నదమ్ముల మధ్య తగాదా అవుతుంది. నమాజ్ గురించి రోగి బెంగపడుతుంటే, కూర్చోలేని మనిషికి ఇషారాతో చదివే వెసులుబాటు ఉందని గుర్తుచేయండి. ఆ స్థితికి తగిన మసలా మీకు తెలిసిన ఆలిమ్‌ను అడిగి చెప్పండి.

గొట్టం తీశాక

మాట రాగానే అన్నం పెట్టేయకండి. మింగడం సరిగ్గా ఉందని డాక్టరు చూసి చెప్పాలి. ఐసీయూ నుంచి బయటపడినవాళ్ళలో కొందరిని నెలల తరబడి పీడకలలు, మతిమరుపు, దిగులు వెంటాడతాయి. ఆ రోజుల్లో ఏం జరిగిందో మీరు రోజూ నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసి ఉంచితే తర్వాత పక్కన కూర్చుని చదివి వినిపించవచ్చు. తమకు గుర్తులేని రోజులు ఎలా గడిచాయో తెలిస్తే భయం తగ్గుతుంది.

అప్పుడు ఒక ప్రశ్న కూడా అడగండి. "గొట్టం ఉన్నప్పుడు నువ్వు చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఏదైనా ఉందా?" చాలామంది దగ్గర జవాబు ఉంటుంది.